జలగలకు ఉప్పు పంచిన రోజు

అడవికి వెళ్ళొచ్చినవాళ్ళు పులిని చూశామనో, ఏనుగు అడ్డం వచ్చిందనో చెబుతారు. నేను పన్నెండేళ్ళు అడవిలో ఉద్యోగం చేసి పులి తోక కూడా చూడలేదు. పొయ్యి ముందు కూర్చున్నవాడికి పొగ తప్ప ఏం కనబడుతుంది? బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో జనాన్ని బస్సెక్కించి, పడమటి కనుమల అడవుల్లో నడిపించి, ఒక పూట గుడారాల్లో ఉంచి తీసుకొచ్చే చిన్న కంపెనీ ఒకటి ఉంది. దానికి నేను వంట మాస్టర్ని. ఇప్పుడు పని మానేసి, బెంగళూరు చిక్కపేటలో ఇంటి మెట్ల మీద కూర్చుని, దారిన పోయే చేతిబండ్ల వాళ్ళకు అడగని సలహాలిస్తున్నాను. మా వీధి పిల్లలు కొత్త బూట్లు కొనుక్కొచ్చి, "తాతా, అడవికి ఏమేం పట్టుకుపోవాల?" అని అడుగుతుంటారు. బూట్ల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఉప్పు సంగతి ఒక్కటే, అది కూడా అవమానంతో తెలుసుకున్నాను.

మా నాన్న ఈ పేటలోనే పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. ఆయన వెనక గరిటె పట్టుకుని తిరిగి నేనూ మాస్టర్నయ్యాను. పెళ్ళి వంటశాలలో ఒక కట్టుబాటు ఉంటుంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గుండిగ దగ్గర మగవాడు నిలబడతాడు, ఆడవాళ్ళు కూరగాయలు తరిగి, కొబ్బరి కోరి, గిన్నెలు తోముతారు. ఇంట్లో పొయ్యి ఆడవాళ్ళది, పెళ్ళి సత్రంలో పొయ్యి మగవాళ్ళది. ఇందులో న్యాయం ఏమిటని నేనెప్పుడూ ఆలోచించలేదు. గరిటె నా చేతిలోనే ఉంది కాబట్టి ఆలోచించే అవసరం రాలేదు.

మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక రాత్రింబగళ్ళు పెళ్ళిళ్ళలో నిలబడలేక ఈ అడవి కంపెనీలో చేరాను. దాని యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఈ పని పెట్టుకున్నాడు. నాకు తోడుగా బెంగళూరు పక్కన హొసకోటె నుంచి ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది. ఇరవై ఏళ్ళు సత్రాల్లో కూరగాయలు తరిగిన మనిషి. అడవిలో మేమిద్దరమే కాబట్టి సత్రం కట్టుబాటు సాగలేదు. నేను అన్నం వారుస్తుంటే చారు పొంగుతుంది, చారు చూస్తే పప్పు అడుగంటుతుంది. మూడో ప్రయాణానికే చారు గరిటె ఆమె చేతిలోకి పోయింది. ఆరో ప్రయాణానికి నా చారు ఎలా ఉండేదో నాకే గుర్తులేదు. అయినా బయటివాళ్ళకు మాస్టర్ నేనే. మెచ్చుకోలు వస్తే చేతులు జోడించేది నేనే.

ఒకసారి బియ్యం ఏరుతూ ఆమె అంది: "ఆడ సత్రంలో నా చేతికి కత్తి ఇస్తారు గానీ గరిటె ఇయ్యరన్నా. ఈడికి వచ్చినాకనే నాకూ వంటొచ్చని నాకు తెలిసింది." నేను "సరేలేమ్మా, బియ్యం చూడు" అన్నాను. అప్పటికి నాకు అంతకంటే తెలివి లేదు.

ఇక ఆ రోజు సంగతి. వానాకాలం. యజమాని మమ్మల్నిద్దరినీ పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. "మాస్టర్ గారూ, ఇప్పుడందరూ రెడీ టు ఈట్ బాక్సులకి వెళ్ళిపోతున్నారు. వేడినీళ్ళు పోస్తే ఐదు నిమిషాల్లో ఉప్మా. గుండిగలు మొయ్యక్కర్లేదు, జీపు అక్కర్లేదు. ఈ శనివారం మారతహళ్ళి నుంచి పెద్ద కంపెనీ టీమ్ వస్తోంది. వాళ్ళకి ఫుడ్ నచ్చితే ఏడాది ట్రిప్పులన్నీ మనకే. అప్పుడు కిచెన్ ఉంచుతాను. నచ్చకపోతే సారీ, నెక్స్ట్ మంత్ నుంచి బాక్సులే."

అతని ఆఫీసు మెట్లు దిగుతూ హొసకోటె ఆమె శనివారానికి బియ్యం ఎంత కావాలో అడిగింది. నాకు వంట మానేసినా కొడుకు సంపాదన ఉంది. ఆమె మాత్రం మళ్ళీ సత్రానికి వెళ్ళి కత్తి పట్టుకోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శనివారం తెల్లవారేసరికి బస్సు కొండ కింద ఆగింది. ఇరవై ఇద్దరు, అందరూ పాతికేళ్ళ లోపో, కాస్త పైనో. సగం మంది గుంటూరు, గోదావరి వైపు, సగం మంది తెలంగాణ. వాళ్ళ మేనేజరు ముప్ఫై దాటిన అమ్మాయి. నవ్వదు. యజమాని నా చెవిలో "ఆవిడే ఫీడ్‌బ్యాక్ రాసేది" అన్నాడు. నేను వెంటనే భుజం మీద తువ్వాలు సర్దుకున్నాను.

ప్రతిసారీ బస్సు మెట్టు మీద నిలబడి నేనొక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి లోపలికి రాకూడదు, ముఖ్యంగా పచ్చళ్ళు. వాసనకు కోతులు గుడారాలు చింపుతాయి, నూనె కారితే సంచులు పాడవుతాయి. ఇవన్నీ నిజాలే. అసలు నిజం ఇంకొకటి. నేను వండిన పప్పు ముందు కూర్చుని ఎవడైనా సంచిలోంచి ఆవకాయ సీసా తీస్తే నాకు చెంపదెబ్బ తిన్నట్టు ఉండేది. ఆ రోజు ఉపన్యాసం ఇంకాస్త గట్టిగా దంచాను. "ఎవరి సంచిలోనైనా పచ్చడి దొరికిందంటే ఇక్కడే బస్సులో పెట్టి పోవాల. నా దగ్గర మొహమాటాల్లేవు" అన్నాను. ఇరవై ఇద్దరూ బుద్ధిమంతుల్లా తలలూపారు.

తర్వాత జలగల ఉప్పు. వానాకాలంలో ఆ అడవి నిండా జలగలే. గుడ్డలో ఉప్పు మూటగట్టి తలా ఒకటి ఇస్తాం. జలగ పట్టుకుంటే ఆ మూటతో అద్దితే రాలిపోతుంది. నా దగ్గర రెండు సంచుల ఉప్పు ఉండేది, ఎర్రదారం కట్టింది జలగలకు, తెల్లదారం కట్టింది వంటకు. ఈ పిల్లలు ఫోన్లలో జలగల వీడియోలు చూసి హడలిపోయి ఉన్నారు. ఒక్కొక్కరూ రెండో మూట అడిగారు, మూడోది అడిగారు. ఒకతను బూట్ల చుట్టూ గీత గీసుకోవడానికి విడిగా ఇమ్మన్నాడు. మేనేజరమ్మ చూస్తోంది కదా అని నాలో దానకర్ణుడు లేచాడు. ఎర్రదారం సంచి అయిపోతే తెల్లదారం సంచి విప్పాను. "అన్నా, అది వంటది" అంది హొసకోటె ఆమె.

"పైన క్యాంపులో డబ్బా నిండా ఉండాదిలేమ్మా" అన్నాను. నిజంగానే ఉంది. పోయిన నెల నేనే పెట్టొచ్చాను. రెండు సంచులూ దులిపి ఇచ్చేశాను. పిల్లలు "మాస్టర్ సూపర్" అన్నారు. వాళ్ళు కాలిబాటన బయల్దేరితే మేము సామానుతో జీపులో వేరే దారిన క్యాంపు చేరాం. జీపు మమ్మల్ని దింపి యజమానిని తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. సాయంత్రం గానీ మళ్ళీ రాదు.

ఆ క్యాంపు అంటే ఒక రేకుల షెడ్డు, దాని ముందు మైదానం, చుట్టూ ఆకాశం కనబడనంత చెట్లు. వాన చినుకు నేలమీద పడటానికి కూడా పది ఆకుల్ని అడిగి రావాలి. పొయ్యి వెలిగించాం. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, బీన్స్ కూర మగ్గింది, చారుకు నీళ్ళు మరిగాయి. నేను షెడ్డు మూలకు వెళ్ళి డబ్బా ఎత్తాను. తేలిగ్గా వచ్చింది. మూత లేదు. లోపల కడిగిపెట్టినంత శుభ్రంగా ఉంది.

క్యాంపు కాపలాదారు కన్నడం తప్ప మాట్లాడని పెద్దమనిషి. అడిగితే తాపీగా అన్నాడు: "ఉప్పా? కోతి ముచ్చళ తెగెద్వు, జింకె నెక్కిబిట్టవె." కోతులు మూత తీశాయట, జింకలు నాకేశాయట. అడవిలో జంతువులకు ఉప్పంటే మనకు మైసూర్‌పాక్ లాంటిది. వాటి పండగకు వడ్డన చేసింది నేనే.

అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటారు. గుండిగల నిండా వంట ఉంది, ఉప్పు గల్లు లేదు. అంగడికి పోవాలంటే కొండ దిగాలి, పోయొచ్చేసరికి చీకటి పడుతుంది. పిల్లలు గంటలో వచ్చేస్తారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, పొద్దున అంత ఉపన్యాసం ఇచ్చిన మాస్టరు ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్తి కదన్నా" అంది ఆమె. అంతే. ఇంకోమాట అని ఉంటే పోట్లాడి కాస్త తేలికపడేవాణ్ణి.

నాకు ఒక ఉపాయం తట్టింది. తట్టకపోయి ఉంటే బాగుండేది. పిల్లల దగ్గర మిగిలిన మూటలు వెనక్కి తీసుకుందామని. ముందుగా వచ్చిన నలుగురికీ ఎదురెళ్ళి అడిగాను. మొదటి మూట తడిసి, నల్లబడి, అక్కడక్కడ నెత్తురు మరకలతో ఉంది. రెండోదానికి ఒక జలగ ఇంకా అంటుకునే ఉంది. మూడో అబ్బాయి ఉత్సాహంగా, "నాది అస్సలు వాడలేదు మాస్టర్, ఫ్రెష్‌గా ఉంది" అని వంగి, సాక్సు లోపల నుంచి తీసి ఇచ్చాడు. పొద్దుటి నుంచి అక్కడే పెట్టుకుని నడిచాడట. థాంక్స్ చెప్పి ఆ మూటను రెండు వేళ్ళతో పట్టుకుని పొయ్యిలో వేశాను.

ఆమె చీర కొంగు బిగించి లేచింది. "పచ్చడి ఉంటాది" అంది.

"ఎవరి దగ్గర? పొద్దున అంత చెప్తి కదా, వద్దని."

"నువ్వు చెప్తివి. వాళ్ళు వినినారని ఎవరు చెప్పినారు? ఆంధ్రా బిడ్డలన్నా. పచ్చడి లేకుండా గడప దాటరు."

ఇరవై ఇద్దరూ వచ్చి తడిసిన బూట్లు విప్పుతున్నారు. ఆమె వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడి, "నాయనా, ఎవరి దగ్గరన్నా పచ్చడి ఉండాదా?" అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. సాక్సు అబ్బాయి తన సంచిని మెల్లగా కాలితో వెనక్కి నెట్టాడు.

"తిట్టేదానికి కాదు, వండేదానికి" అందామె. "ఉప్పు అయిపోయింది. పచ్చట్లో ఉప్పు ఉంటాది కదా. అదుంటే నేను వండి పెడతాను. లేదంటే ఈ పొద్దు అందరూ చప్పిడి తినాల."

నా పేరు ఎత్తలేదు. ఎవరి తప్పో చెప్పలేదు. నేను బొగ్గులు సర్దుతున్నట్టు నటిస్తున్నాను.

మొదట లేచింది మేనేజరమ్మ. సంచి అడుగు నుంచి, మూడు ప్లాస్టిక్ కవర్లూ ఒక టవలూ విప్పి, స్టీలు డబ్బా తీసింది. "ఆవకాయ. మా పెద్దమ్మ పెట్టింది. సారీ మాస్టర్ గారూ" అంది, నా ముఖం చూడకుండా. అంతే, గట్టు తెగింది. గోంగూర వచ్చింది, మాగాయ వచ్చింది, ఉసిరి వచ్చింది. హార్లిక్స్ సీసాలో నిమ్మకాయ వచ్చింది. ఒకమ్మాయి మందుల పెట్టెలోంచి మజ్జిగ మిరపకాయలు తీసింది. నల్గొండ అబ్బాయి చింతకాయ తీస్తే భీమవరం అమ్మాయి "ఓ, చింతకాయ పచ్చడా" అంది. అతను "పచ్చడి కాదు, తొక్కు. పచ్చడి అంటే ఇయ్య" అన్నాడు. లెక్క పెడితే పద్నాలుగు రకాలు. నా ఉపన్యాసానికి దక్కిన మర్యాద అది.

ఆ తర్వాత ముప్పావు గంట నేను చూసింది వంట. నలభై ఏళ్ళు ఈ పనిలో ఉండి ఆ మాట ఊరికే అనడం లేదు. ఆమె ఒక్కో డబ్బా మూత తీసి, వేలితో రవ్వంత నాలిక మీద వేసుకుని, పక్కకు పెట్టింది. గోంగూర పప్పులోకి పోయింది. చింతకాయ తొక్కును వేణ్ణీళ్ళలో పిసికి వడగట్టి, చింతపండుకు బదులు చారులో పోసింది. మాగాయ ముక్కలను నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళు బీన్స్ కూర మీద చల్లి ఇగరబెట్టింది. మజ్జిగ మిరపకాయలు వేయించి, నలిపి మజ్జిగలో కలిపింది. ఆవకాయ ముట్టుకోలేదు. "ఇది అన్నంలోకి. దీన్ని వంటలో వేస్తే పాపం తగులుతాది" అంది. ప్రతిసారీ చారు దించేముందు రుచి చూడమని గరిటె నా చేతికిచ్చేది. అది మాస్టరు హక్కు. ఆ రోజు తనే రుచి చూసుకుంది, తనే తల ఊపుకుంది, తనే దించేసింది. నన్ను అడగాలన్న సంగతి ఆమెకు గుర్తు కూడా లేదు.

పిల్లలు తిన్నారు. తిన్నారు అనడం కంటే గుండిగల మీద పడ్డారు అనడం సబబు. మెంతి వాసనతో, ఎర్రగా, ఎక్కడా లేని పులుపుతో ఉన్న ఆ చారును గ్లాసుల్లో పోయించుకుని తాగారు. నాకు తెలిసి జీవితంలో మొదటిసారి మేనేజరమ్మ నవ్వింది. కంచం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "మాస్టర్ గారూ, ఉప్పు లేకుండా ఇలా ఎలా మేనేజ్ చేశారండీ? మీరు గ్రేట్" అంది.

నేను చేతులు జోడించి నవ్వాను.

ఇది రాయకుండా దాటేయొచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. మేనేజరమ్మ ఒక్కతే కాదు, ఇంకో ఇద్దరు వచ్చి మెచ్చుకున్నారు. మూడుసార్లూ చేతులు జోడించాను. అలవాటైన చేతులు, వాటంతట అవే జోడైపోతాయి. మూడోసారి తల తిప్పితే హొసకోటె ఆమె నాలుగడుగుల దూరంలో గుండిగ తోముతోంది. అన్నీ విని ఉంటుంది. ముఖంలో ఏమీ లేదు. సిగ్గుపడ్డాను. సిగ్గుపడి ఊరుకున్నాను, అది ఇంకా సిగ్గుచేటు.

సోమవారం యజమాని నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. మారతహళ్ళిలో ఒక బేకరీ పైన అతని ఆఫీసు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "ఫీడ్‌బ్యాక్ అదిరిపోయింది మాస్టర్ గారూ. ఏడాది ట్రిప్పులన్నీ మనకే. కిచెన్ ఆపట్లేదు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపలే, "కానీ ఇద్దరు కుక్స్‌ని పెట్టుకోలేను. ఒక్కరు చాలు. మీరుండండి. కొయ్యడానికి, ఎత్తడానికి ట్రిప్పుకొక హెల్పర్ని తీసుకుందాం. ఆవిడ ఇష్టమైతే హెల్పర్‌గా రమ్మనండి. ఆ మాట మీరే చెప్పండి, నాకు మొహమాటం" అన్నాడు.

"సరే" అన్నాను.

అవును, అన్నాను. టీ తాగి మెట్లు దిగి బస్‌స్టాపులో నిలబడ్డాను. మా పేట వైపు పోయే మెజెస్టిక్ బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఆమెకు ఈ మాట ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. "ఏమీ అనుకోకమ్మా, వాళ్ళు అట్లా అన్నారు" అని మొదలుపెట్టి చూశాను. ఆ వాక్యం ఎటు తిప్పినా దొంగ వాక్యంలాగే ఉంది. నేను పారేసిన ఉప్పును ఆమె పద్నాలుగు సీసాల్లోంచి ఏరి తెచ్చింది. ఇప్పుడు నేను పోయి ఆమె చేతికి కత్తి ఇవ్వాలి. రెండో బస్సు కూడా వెళ్ళిపోయింది. మోకాళ్ళను తిట్టుకుంటూ మళ్ళీ మెట్లెక్కాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎర్రదారం, తెల్లదారం, జింకలు, సాక్సు, అన్నీ. సాక్సు దగ్గర అతను పడీపడీ నవ్వాడు. చివరికొచ్చేసరికి నవ్వు ఆగింది.

"అంటే ఆ ఫుడ్ మీది కాదా?"

"కాదప్పా. ఆ రోజుదే కాదు. చారు పదేండ్లుగా ఆమెదే."

అతను చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "మరి ఆవిడ్ని కుక్‌గా పెడితే మీరేం చేస్తారు మాస్టర్ గారూ?"

"కొయ్యడానికి, ఎత్తడానికి మనిషి కావాలంటిరి కదా. ఎత్తడం నా వల్ల కాదు. కొయ్యడం అవుతాది" అన్నాను. అతనికి ఇది హాస్యమో నిజమో అర్థం కాలేదు. నాక్కూడా అప్పటికి పూర్తిగా కాలేదు.

తర్వాతి శనివారం అదే క్యాంపు. కొత్త జనం. షెడ్డు ముందు ఆమె నా ఎదుట ఎర్రగడ్డల బుట్ట దించింది. "కోపమా అన్నా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. కాస్త ఉండేది, కానీ అది ఆమె మీద కాదు. "అయితే సన్నగా కొయ్యి" అంది. నలభై ఏళ్ళ వంట తర్వాత మొదటిసారి కత్తి పట్టాను. మొదటి పది ఉల్లిగడ్డలు చూసి, "ఇట్లా కోస్తే సత్రంలో ఒక్క పూట కూడా ఉంచుకోరన్నా" అని తిట్టింది. నిజమే చెప్పింది. రెండేళ్ళు అలా కోసి, ఆ తర్వాతే రిటైరయ్యాను.

ఆ మధ్యాహ్నం వడ్డన సగంలో ఉండగా ఒకబ్బాయి ఖాళీ గ్లాసుతో నా దగ్గరికి వచ్చాడు. తువ్వాలు, తెల్లజుట్టు చూసి నేనే వంటవాణ్ణనుకుని ఉంటాడు. "మాస్టర్, చారు ఇంకొంచెం ఉందా?" అన్నాడు. "మాస్టర్ నేను కాదు, అదిగో, ఆమె" అన్నాను. అతను పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆమె వెనక నిలబడి, "మాస్టర్" అన్నాడు. ఆమె తిరగలేదు. తనను కాదనుకుంది. అతను గొంతు పెంచి మళ్ళీ పిలిచాడు. రెండోసారికి తిరిగింది.